మాడిన గంజు నా వంతు

నా తెలుగు అంత సొగసైనది కాదు. పగలు నాపరాళ్లు కోసే పని చేస్తూ, రాత్రి బడిలో నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించగలరు.

నలభై ఎనిమిదో ఏట వికారాబాద్‌లో ఒక క్రైస్తవ వేదాంత కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థిగా చేరాను. ఇక్కడ విద్యార్థులమంతా గ్రూపులుగా ఉంటాము. వారానికొక గ్రూపు వంటశాల గిన్నెలు తోమాలి. ఈ రోజు మా వంతు మొదలైంది. గోడ మీది జాబితాలో అందరి పేర్లూ ఉన్నాయి, నాది తప్ప.

మా గ్రూపు లీడరు యోహానుది పెద్దేముల్. వయస్సు ఇరవై రెండు. వెళ్లి అడిగాను.

“అంకుల్, గీ వయసుల మీకెందుకు గిన్నెలు? జర నీడకు కూసోండ్రి, మేం తోముతం.”

“ప్రార్థనకాడ నా పేరుంటది, తిండికాడ ఉంటది. తోమేకాడ ఎందుకు లేదు? నేను చుట్టపుచూపుకొచ్చిన్నా?”

అతడు పెన్ను తీసి నా పేరు రాశాడు. “సరే అన్నా. అయితే పప్పు గంజు నీదే. అడుగంటింది.”

అంతవరకు నేను అంకుల్‌నే. నేను గంటసేపు పీచుతో రుద్దిన ఆ గంజు గిన్నెను అతడు వేలితో గీసి చూసి, “ఇంకా మసి ఉన్నదన్నా” అని తిరిగి నా ముందు పెట్టాడు. ఒకే పనిని రెండోసారి ఇంత సంతోషంగా నేనెన్నడూ చేయలేదు. ఈ వయస్సులో ఇటువంటి పంతం తప్పంటారా? తెలుపగలరు.

దీనిని మొదట తాండూరులో నా భార్య సుగుణ చదవాలి. తరువాత, ఈ వయస్సులో హాస్టలేమిటని నవ్విన మా తమ్మునికి పంపాలి. యోహానుకు మాత్రం ఎవరూ చూపవద్దు. నడుము పట్టేసిందని తెలిస్తే మళ్లీ నా పేరు కొట్టేస్తాడు.