హుండీ అయిపోయిన ఫిర్యాదుల పెట్టె

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఉగాది వెళ్ళిన వారంలో, భీమవరానికి దగ్గర్లోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సోషల్ కంప్లయన్స్ మేనేజరుగా చేరాను. అంతకుముందు ఉద్యోగమంతా రాజమండ్రి వైపు ఒక మిల్లులో, పర్సనెల్ డిపార్టుమెంటులో గడిచింది. రిటైరయ్యే వయసులో ఈ నోరు తిరగని ఉద్యోగం ఏంటని కొవ్వూరులో మా ఆడపడుచు నవ్వింది. ఇరుగుపొరుగు అడిగితే రొయ్యల కంపెనీలో ఆఫీసరునని చెప్పి ఊరుకునేదాన్ని.

కార్పొరేట్ సామాజిక బాధ్యత అనగానే మన వైపు చాలామందికి బస్ షెల్టరు మీద కంపెనీ పేరు, బడికిచ్చిన బెంచీలు గుర్తొస్తాయి. మంచి పనులే, కాదనను. కానీ నేను చేసిన పని వేరు. విదేశంలో ఒక సూపర్ మార్కెట్ రొయ్యల ప్యాకెట్ అమ్ముతుంది. ఆ రొయ్య చెరువులో పట్టుబడి, ఐసులో పడి, ప్లాంటుకొచ్చి, తల తీయించుకుని, పొట్టు ఒలిపించుకుని, గడ్డకట్టి ఓడెక్కేసరికి ఎన్నో చేతులు మారుతుంది. ఆ చేతుల వాళ్ళు ఎలా బతుకుతున్నారన్నది కూడా తమ బాధ్యతేనని కొనేవాళ్ళు ఒప్పుకుంటే, ఒక నియమావళి పంపుతారు. దాన్ని మేం కోడ్ అంటాం. కోడ్ ప్రకారం అన్నీ జరుగుతున్నాయా లేదా చూడటానికి ఏటా బయటి ఆడిటర్ వస్తారు. లోపం చిన్నదైతే మైనర్ అని, పెద్దదైతే మేజర్ అని రాస్తారు. మేజర్ పడితే గడువులోగా సరిదిద్ది మళ్ళీ ఆడిట్‌కి నిలబడాలి. రెండోసారీ తప్పితే ఆర్డరు పోతుంది.

మా యజమాని సుబ్బరాజు గారు. రెండు చెరువులతో మొదలుపెట్టి ప్లాంటు దాకా వచ్చిన మనిషి. తనకు బీపీ, షుగర్ మధ్యలో వచ్చాయని, కోపం మాత్రం పుట్టుకతోనే వచ్చిందని ఆయనే చెప్పుకునేవారు. మాట గరుకు. అయితే ఆడిట్ ముందు కూలీలను కూర్చోబెట్టి జవాబులు వల్లె వేయించడం ఈ రంగంలో చాలాచోట్ల మామూలు. ఆయన మాత్రం ఆ పని చేయనివ్వలేదు. అబద్ధం నేర్పితే రేపు నాకే చెబుతారని ఆయన వాదన.

పీలింగ్ హాలులో రొయ్యలు ఒలిచేవాళ్ళంతా ఆడవాళ్ళు. కాలవ అవతలి పేట నుంచి ఆటోల్లో వచ్చేవాళ్ళు. వాళ్ళు కంపెనీ మనుషులు కారు, మేస్త్రి తెచ్చే కాంట్రాక్టు కూలీలు. సరఫరా గొలుసులో మా కంటికి ఎదురుగా ఉండి కూడా లెక్కకు మా వాళ్ళు కాని వాళ్ళు. వాళ్ళలో రత్నం మాట నలుగురూ వినేవారు. భర్తకు నడుం పడిపోయాక ఇల్లంతా ఆమె రెక్కల మీదే నడుస్తోంది. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆమేనట. ప్లాంటులో మాత్రం ఆ గొంతు ఎప్పుడూ పైకి వినపడలేదు.

నేను చేరిన కొద్ది వారాలకే ఆడిట్ వచ్చింది. ఆడిటర్ నెల్లూరు వైపు మనిషి, మద్రాసులో స్థిరపడ్డారు. అగ్నిప్రమాదం జరిగితే బయటపడే దారులు, జీతం పత్రాలు, వయసు ధ్రువీకరణలు అన్నీ చూశారు. తర్వాత కూలీలతో విడిగా మాట్లాడారు. ఆ గదిలోకి కంపెనీ మనుషులెవరూ వెళ్ళకూడదు. బయటికొచ్చాక ఆవిడ ముఖం బాగాలేదు. పిలిచిన ప్రతి మనిషీ "ఏ లోటూ లేదండి, మా ఇంట్లో ఉన్నట్టే ఉంటదండి" అన్నారట. ఒక్కరు కూడా మాట మార్చలేదట.

తర్వాత ఫిర్యాదుల పెట్టె తెరిపించారు. అది నేను రాకముందే మెయింటెనెన్స్ వాళ్ళు బిగించిన తాళం పెట్టె. గేటు దాటగానే అమ్మవారి పటం ఉన్న గోడకు, సరిగ్గా పటం కింద, పొడవుగా చీలిక ఉన్న పెట్టె. ఆ గోడకు ముందే మేకులు ఉన్నాయట, అందుకని అక్కడ. తాళం తీస్తే ఒక్క కాగితం లేదు. చిల్లర గలగలా రాలింది, కొన్ని పది రూపాయల నోట్లు కూడా. అందరూ దాన్ని హుండీ అనుకున్నారు. పొద్దున్నే కళ్ళకద్దుకుని తలో కాసు వేసి హాల్లోకి వెళ్ళడం అలవాటైపోయింది. చర్చికి వెళ్ళే రత్నం కూడా వేసిందని తెలిసి ఎందుకని అడిగాను. "పని కాడ అందరికీ ఒక్కటే కదండీ అని ఏశానండి" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆడిటర్ నవ్వలేదు.

ఆవిడ రాసిన మేజర్ ఇది: ఫిర్యాదు చేసుకునే మార్గం పనిచేయడం లేదు, కూలీలకు జవాబులు నేర్పినట్టు కనిపిస్తోంది. ఎవరికీ ఒక్క ముక్క నేర్పని ప్లాంటు మీద పడిన మాట అది. సుబ్బరాజు గారు ఆ కాగితం చదివి మా అందరినీ పిలిపించారు.

ప్రొడక్షన్ మేనేజరు మూర్తి గారు ఒక సులువు చూపించారు. కాంట్రాక్టు కూలీలను ఆపేసి, ప్లాంటులోనే హాస్టల్ కట్టి, ఒడిశా వైపు నుంచి మనుషులను తెద్దామని. కంపెనీ పేరోల్లో ఉంటారు, క్రమశిక్షణ ఉంటుంది, ఆడిట్ తేలిక. ఆయన చెప్పింది తప్పుడు సలహా కూడా కాదు, చాలా ప్లాంట్లు అదే చేశాయి. రెండో ఆడిట్ దాకా చూద్దామన్నారు రాజుగారు. హాస్టల్ మాట సాయంత్రానికల్లా పేటకు చేరిపోయింది.

ఆ వారంలో ఒకరోజు స్టాఫ్ బస్సు చెడిపోయింది. పేట ఆడవాళ్ళ ఆటో ఒకటి బయలుదేరుతుంటే ఆపి ఎక్కాను. వద్దనలేక సర్దుకుని కూర్చున్నారు. కాలవ మీది లాకులు దాటగానే డ్రైవరు ఎవరూ అడగకుండానే ఆటో ఆపి, సీటు కింద నుంచి నీళ్ళ క్యాను తీశాడు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు గడగడా తాగారు. ఎండలో కోత కోసి వచ్చినవాళ్ళు కూడా అలా తాగడం నేను చూడలేదు. వీళ్ళు పొద్దుటి నుంచీ ఉన్నది ఐసు మధ్యలో. ఇంత దాహం ఏంటని అడిగాను.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి రత్నమే చెప్పింది. "పొద్దున్నుంచి మంచినీళ్ళు ముట్టమండి. తాగితే బాత్రూంకెళ్ళాలి కదండీ."

వెళ్ళడం ఎంత పనో నాకు తెలుసు, కానీ అటు నుంచి ఆలోచించలేదు. హాలు నుంచి బయటికి రావాలంటే గ్లౌజులు, ఏప్రాన్, గౌను, తల ముసుగు, గంబూట్లు అన్నీ విప్పాలి. తిరిగొచ్చేటప్పుడు అన్నీ తొడిగి, చేతులు కడిగి, క్లోరిన్ నీళ్ళలో బూట్లు ముంచి రావాలి. పరిశుభ్రత కోసం పెట్టిన నిబంధన, దానికి తిరుగులేదు. లైను ఖాళీ కాకూడదని మూర్తి గారు లైనుకు ఒక్క టోకెన్ పెట్టారు. టోకెన్ తీసుకున్న మనిషి తిరిగొస్తేనే ఇంకొకరు వెళ్ళాలి. అది అడగడం, మగ సూపర్‌వైజరు ఎదుట నిలబడటం ఇష్టం లేక వీళ్ళు నీళ్ళే మానేశారు. ఒంట్లో మంటలు, జ్వరాలు, ఆర్ఎంపీ దగ్గర సూదులు. మరి ఆడిటర్ గారికి ఎందుకు చెప్పలేదన్నాను. రత్నం తిరిగి నన్నే ఒక ప్రశ్న అడిగింది. "మమ్మల్ని మానిపించేత్తారంట కదండీ, నిజవేనా?"

మర్నాడు పొద్దున్నే రాజుగారికి చెప్పాను. ఆయన నన్ను రెండో ప్రశ్న అడగలేదు. గౌను తెప్పించి తొడుక్కుని, గంబూట్లు వేసుకుని పీలింగ్ టేబుల్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. ఆడవాళ్ళు కంగారుపడి, తర్వాత ముసుగుల చాటున నవ్వుకున్నారు. చేతిలో రొయ్య సగం ఒలిచేలోపు చితికిపోతుంటే పక్కావిడ అందుకుని సరిచేసేది. షుగర్ మనిషి కదా, కొద్దిసేపటికే టోకెన్ కావాల్సి వచ్చింది. అప్పటికే ఎవరో టోకెన్ తీసుకుని బయటికెళ్ళారు. ఆయన నిలబడ్డారు. ఎవరూ ఆయన్ని టోకెన్ లేకుండా వెళ్ళమనలేదు, ఆయనా అడగలేదు. టోకెన్ వచ్చాక ఆయన వెళ్ళిన వేగం గురించి పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మధ్యాహ్నం మమ్మల్ని పిలిచారు. కొత్త ప్యాకింగ్ మిషను కోసం అట్టిపెట్టిన స్థలంలో ఆడవాళ్ళకు బాత్రూములు కట్టమన్నారు. వాటికీ హాలుకూ మధ్యన దుస్తులు మార్చుకుని చేతులు కడుక్కునే గది ఉండాలి, ఎందుకంటే బాత్రూం తలుపు నేరుగా హాల్లోకి తెరుచుకోకూడదు. ప్రతి లైనుకూ ఒక బదులు మనిషిని పెట్టమన్నారు. టోకెన్లు ఆరోజు నుంచే రద్దు. ఉత్పత్తి పడిపోతుందని మూర్తి గారు లెక్క చూపించబోయారు. "నీళ్ళు తాగకుండా ఒలిచిన రొయ్య నా ప్లాంటులోంచి వెళ్ళడానికి వీల్లేదు మూర్తిగారూ. మిషను వచ్చే ఏడాది కొనుక్కుందాం" అన్నారు రాజుగారు. నా ఉద్యోగంలో చాలామంది యజమానులను చూశాను. మంచివాళ్ళు చాలామందే ఉన్నారు. తన ఒంటి మీద పరీక్షించుకుని నిర్ణయం తీసుకున్న యజమాని మాత్రం ఈయన ఒక్కరే, అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఫిర్యాదుల కమిటీ సంగతి నా వంతు. కోడ్ ప్రకారం సెక్షన్‌కు ఒక ప్రతినిధిని ఎన్నుకోవాలి. అలా ఎన్నుకున్న కమిటీ అప్పటికే ఉంది, టీ తాగి లేచిపోయేది. హాల్లో పక్కపక్కన నిలబడేవాళ్ళు వేరు, మనసు విప్పి మాట్లాడుకునేవాళ్ళు వేరు. మాటలన్నీ లాకులు దాటాక ఆటోలోనే. అందుకని సెక్షన్లు వదిలేసి, ఆటోకు ఒక పెద్దను ఎన్నుకోమన్నాను. రత్నం వాళ్ళ ఆటోకు ఎవరొచ్చారో చెప్పనక్కర్లేదు. కొత్త కమిటీ ముందుకు వచ్చిన మొదటి అంశం, ఆ పెట్టెలోని చిల్లర ఏం చేయాలన్నది. గుడికా చర్చికా అని కాసేపు తర్జనభర్జన పడి, లంచ్ రూముకు మంచినీళ్ళ కుండలు కొన్నారు.

ఇంతా చేసినా అసలు గండం అలాగే ఉంది. బాత్రూములు కట్టినంత మాత్రాన మేజర్ పోదు. మళ్ళీ అందరూ ఏ లోటూ లేదంటే, ఆడిటర్ దృష్టిలో అది నేర్పిన పాఠమే. ఆర్డరు పోతుంది, ముందుగా ఇంటికెళ్ళేది పేట ఆడవాళ్ళే. పోనీ లోపాలు చెబితే కంపెనీకి చెడు చేసినట్టని, దాంతో తమ పనే పోతుందని వాళ్ళ భయం. ఆడిట్ ముందు రోజు సాయంత్రం రత్నం నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "రేపు ఏం చెప్పమంటారండి?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబివ్వడం నాకు నిషిద్ధం. నిజం చెప్పు అన్నా అది నేర్పడం కిందికే వస్తుంది. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. "నేను చెప్పకూడదు రత్నం" అని మాత్రమే అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. నేను చేతులు దులుపుకున్నానని అనుకుని ఉంటుంది. "అలాగేనండి" అని వెళ్ళిపోయింది.

మర్నాడు అదే ఆడిటర్ వచ్చారు, కూలీలతో మాటలు చాలాసేపు సాగాయి. రత్నం లోపలికెళ్ళి ఎంతకీ బయటికి రాలేదు. మూర్తి గారు వరండాలో అటూ ఇటూ తిరిగారు. చివరికి ఆడిటర్ మమ్మల్ని కూర్చోబెట్టి కూలీలు చెప్పినవన్నీ చదివారు. గంబూట్లన్నీ మగవాళ్ళ సైజులు, గుడ్డలు కుక్కుకుని తొడుక్కుంటున్నారు. ఒక లైను సూపర్‌వైజరు నోరు మంచిది కాదు. లంచ్ రూములో ఫ్యాను తిరగదు. ఆదివారం షిఫ్టు పెడితే చర్చి టైము అయ్యాక పెట్టాలి. ఆవిడ పేర్లు చెప్పలేదు, కానీ మొదలుపెట్టింది రత్నమని, తర్వాత వచ్చినవాళ్ళు కలిపారని ఆడవాళ్ళే చెప్పుకున్నారు. మూర్తి గారు తల పట్టుకున్నారు. రాజుగారు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, ఫ్యాను సంగతి నాకెవరూ చెప్పలేదేంటి అన్నారు.

ఆడిటర్ అవన్నీ మైనర్లుగా రాసి, మేజర్ కొట్టేశారు. ఆర్డరు నిలిచింది. హాస్టల్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం స్టాఫ్ బస్సు బాగానే ఉంది. అయినా ఆటోనే ఎక్కాను. లాకులు దాటాక డ్రైవరు ఆపలేదు, నీళ్ళ క్యాను సీటు కిందే ఉండిపోయింది. మొదటిసారి అడిగి జవాబు రాబట్టుకోలేకపోయిన ప్రశ్న మళ్ళీ అడిగాను. అప్పుడు చెప్పనిది ఇప్పుడెలా చెప్పావు రత్నం అన్నాను.

"అప్పుడు ఆవిడ సుట్టవండి. సుట్టం అడిగితే ఎవరైనా బాగుందనే అంటారండి, ఇంటి సంగతులు చెబుతారేంటండి" అంది. "రెండోసారి కూడా వచ్చారు కదండీ. ఇంక సుట్టం కాదండి, మన మనిషేనండి."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇంకొన్ని యూనిట్లలో ఇదే పని చేశాను. ఏ కొత్త చోటికెళ్ళినా మొదటిసారి విన్నది నివేదికలో రాయలేదు, రెండోసారి వెళ్ళి విన్నదే రాశాను. అక్కడి ఆడవాళ్ళు ఇంటికి దేంట్లో వెళతారో ముందు కనుక్కుని, వీలైతే అందులోనే ఎక్కాను. మొన్న భీమవరంలో పెళ్ళికి వెళ్ళినప్పుడు ప్లాంటుకు వెళ్ళొచ్చాను. పటం కింద ఆ పెట్టె ఇంకా అలాగే ఉంది. దాని మీద ఇప్పుడు హుండీ అని రాశారు.