బొమ్మక్క సీటు కొలత

“…కూర్చున్నప్పటి సంగతి చెప్తున్నాను నేను. నిలబడ్డప్పుడు ఎలా ఉంటే ఏంటి మాస్టారూ?”

“నిలబెట్టీ చూశాను, కూర్చోబెట్టీ చూశాను. నా కత్తెర మీద పడితే ఎలాగండీ?”

“మీ కత్తెర మీద పడక ఇస్త్రీ పెట్టె మీద పడనా? పంపిన స్కర్టుల్లో సగం వెనక్కొచ్చాయి. అన్నీ ఒకేచోట పిగిలాయి. సీటు దగ్గర.”

“తల నెరిసేదాకా కోశాను, ఎన్నడూ పిగల్లేదు.”

“నెరిసిన తల చూసి ఎవరూ ఆర్డర్లివ్వరు మాస్టారూ.”

కర్టెన్ ఇవతల ట్రయల్ గదిలో బొమ్మక్క స్కర్టులోంచి ఒక కాలు బయటికి తీసి, రెండోది తీయకుండా అలాగే నిలబడిపోయింది. కార్ఖానా నడిపే మేడమ్ గొంతు ఇందాకటిదాకా మామూలుగానే ఉంది. ఆవిడకి నిజంగా కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఇప్పుడు తగ్గుతోంది.

“రేపు పొద్దున ఆర్డరిచ్చినావిడే వస్తానంది. ఆవిడ ముందే బొమ్మక్కని నిలబెట్టండి, కూర్చోబెట్టండి, కొలవండి. తప్పు కట్టింగుదే అని తేలితే, ఇంక మీరు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోవచ్చు.”

కట్టింగ్ మాస్టరు బల్ల మీద కత్తెర పెట్టిన చప్పుడు మాత్రం వినిపించింది.

ఆ బట్టల కార్ఖానాలో ఆమెను అందరూ బొమ్మక్క అనే పిలుస్తారు. కొత్త నమూనా ఏది తయారైనా మొదట వేసుకుని నిలబడేది ఆమె. గది మూలలో గుడ్డబొమ్మ ఒకటి ఉంది గానీ, అది నడవదు, వంగదు, ఎక్కడ పట్టేస్తోందో చెప్పదు. బొమ్మక్క చెబుతుంది. “చంకలో కోస్తోంది మాస్టారూ” అంటుంది. “వెనక గాలాడుతోంది, కాస్త లాగండి” అంటుంది. పొట్ట లోపలికి పీల్చదు, భుజాలు బిగించదు. పెళ్ళి భోజనాల్లో కూడా చూసుకుని తింటుంది. ఒళ్ళు వచ్చినా కష్టమే, తగ్గినా కష్టమే.

మొదట్లో ఆమె బొత్తాలు కుట్టేది. వంచిన మెడ వంచినట్టే ఉండి, సాయంత్రానికి కళ్ళ ముందు చుక్కలు కనిపించేవి. ఒకరోజు నిలబడే మనిషి రాకపోతే మాస్టరు అటూ ఇటూ చూసి, “అమ్మాయ్, నువ్వు రా” అన్నాడు. టేపు చుట్టి, ఎడమ పక్కా కుడి పక్కా కొలిచి, “రెండు పక్కలా ఒకటే ఉందే” అని ఆశ్చర్యపోయాడు. మనుషులకి అలా ఉండదట. ఏదో ఒక తుంటి కాస్త ఎక్కువుంటుందట. ఆ మాటను ఆమె ఎవరికీ చెప్పుకోలేదు గానీ, మరిచిపోనూ లేదు. మళ్ళీ బొత్తాల బల్ల దగ్గరికి వెళ్ళాల్సిన పని పడలేదు.

ఈ కొత్త ఆర్డరు వచ్చాకే చిక్కు మొదలైంది. తుంటి గుండ్రంగా, నిండుగా ఉన్నవాళ్ళ కోసం స్కర్టులు, ప్యాంట్లు. ఆ రోజు మేడమ్ ఆమె చుట్టూ ఒకసారి తిరిగి, “అన్నీ బానే ఉన్నాయి గానీ, ఇక్కడ ఇంకాస్త ఉండుంటేనా” అని గాలిలో చేత్తో ఒక వంపు గీసింది. తర్వాత ఫోను చూసుకుంటూ, “చూద్దాం, ఇంకెవరైనా దొరుకుతారేమో” అంది.

ఆ రాత్రి బొమ్మక్కకు నిద్ర పట్టలేదు. మర్నాడు కార్ఖానాలో మిగిలిపోయిన భుజాల్లో పెట్టే స్పాంజి ముక్కలు తెచ్చుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు పల్చగా చెక్కి, బిగుతు నిక్కరు లోపల రెండు పక్కలా కుట్టుకుంది. పైనుంచి చూస్తే అతుకు తెలియకుండా కుట్టడం ఆమెకు చేతనయిన పనే.

“ఏంటే, ఒళ్ళు చేశావా?” అంది మేడమ్.

“మా అక్క వంట అండీ.”

“అక్క వంట అంతా ఒకేచోటికి చేరిందే” అని మేడమ్ నవ్వింది. మిషన్ల దగ్గరి అమ్మాయిలు కూడా నవ్వారు. మాస్టరు నవ్వకుండా టేపు చుట్టి, కొలత రాసుకున్నాడు. ఇంకెవరినో చూద్దామన్న మాట మళ్ళీ రాలేదు.

ఇప్పుడు ట్రయల్ గదిలో ఆమె రెండో కాలు కూడా స్కర్టులోంచి తీసి, స్టూలు మీద కూర్చుని అద్దంలో చూసుకుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. నిజంగా ఒళ్ళున్న మనిషి కూర్చుంటే తుంటి పక్కలకు పరుచుకుంటుంది. స్పాంజి పరుచుకోదు, నొక్కుకుని అక్కడే ఉంటుంది. కూర్చున్నప్పుడు గుడ్డ ఎంత వదలాలో మాస్టరు ఈమెను చూసే లెక్క వేశాడు. “ఎలా ఉందమ్మాయ్?” అని అడిగిన ప్రతిసారీ ఈమె “హాయిగా ఉంది మాస్టారూ” అంది. స్పాంజి అడ్డంగా ఉంటే ఒంటికి ఏం తెలుస్తుంది?

అరచేతులకు చెమట పట్టింది. స్కర్టుకు తుడవబోయి, ఆగి, పక్కన వేలాడుతున్న తన చీరకు తుడుచుకుంది.

ఆ సాయంత్రం అక్కను వెంటబెట్టుకుని ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అక్క బ్యూటీ పార్లర్లో పనిచేస్తుంది. ఒంటి ఆకారం సరిచేసే ఈ డాక్టరమ్మ సంగతి అక్కడికి వచ్చేవాళ్ళు చెబితేనే తెలిసింది. వెళ్దామని అక్క ఎప్పటినుంచో అంటోంది. ఈమే రేపుమాపు అంటూ వచ్చింది.

డాక్టరమ్మది చిన్న వయసే. తొందర లేకుండా మాట్లాడుతుంది.

“వ్యాయామంతో కొంత వస్తుంది. నెలలు పడుతుంది, అదీ వెనక భాగమే, పక్కలు అంతగా రావు. చర్మం కింద నింపే ఫిల్లర్ ఇంజెక్షన్లున్నాయి, కొన్నాళ్ళకి కరిగిపోతాయి, మళ్ళీ వేయించుకోవాలి. లోపల పెట్టే ఇంప్లాంట్లున్నాయి. అది పెద్ద ఆపరేషన్, కొందరికి అవి చోటు తప్పుతాయి కూడా. ఎక్కువమంది చేయించుకునేది కొవ్వు మార్పిడి. పొట్ట దగ్గర్నుంచో తొడల్లోంచో తీసి తుంటికి ఎక్కిస్తాం.” ఆమె లేచి, బొమ్మక్క పొట్ట మీద రెండు వేళ్ళతో చర్మం పట్టి చూసింది. “కానీ తీయడానికి మీ దగ్గర ఏముంది?”

“నా దగ్గర తీసి దీనికి పెట్టండి డాక్టరుగారూ” అంది అక్క. “మీ పేరు చెప్పుకుని ఇద్దరం బాగుపడతాం.”

“ఎవరి కొవ్వు వాళ్ళకేనండీ. ఒకరిది ఒకరికి పనికిరాదు.”

“చూశావా, ఇందులో కూడా అక్కచెల్లెళ్ళు కాకుండా పోయాం” అంది అక్క.

బొమ్మక్క నవ్వలేదు. “రెండు పక్కలా సమానంగా వస్తుందాండీ?” అని అడిగింది.

“సమానంగానే ఎక్కిస్తాం. అందులో కొంత ఒంట్లో కలిసిపోతుంది. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కలిసిపోవచ్చు. పైకి పెద్దగా తెలియదులెండి.”

“టేపు పెడితే తెలుస్తుందా?”

డాక్టరమ్మ ఆమె వంక కొత్తగా చూసింది. “టేపు పెడితే తెలుస్తుంది. మీరేం పని చేస్తారు?”

“నిలబడతానండి.”

“నిలబడటానికైతే ఇబ్బంది లేదు. కూర్చోవడానికే కొన్ని వారాలు కష్టం.”

“కూర్చోవడం కూడా నా పనేనండి” అంది బొమ్మక్క. డాక్టరమ్మకు అర్థం కాలేదు. 

లేచేముందు అక్క గొంతు తగ్గించి అడిగింది. “పార్లర్లకి వచ్చి సూదులు వేసేవాళ్ళున్నారు కదండీ. టీ తాగినంతసేపట్లో అయిపోతుందంటారు…”

“అందులో ఏముందో వేసేవాళ్ళకే తెలియదండీ. చర్మం కింద గడ్డలు కడతాయి, చీము పడుతుంది. అది రక్తనాళంలోకి పోయిందంటే ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. ప్రాణం మీదికొస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.”

అక్క నేలచూపులు చూసింది.

బస్టాపులో ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు. అక్క, “మా పార్లర్‌కి వస్తుంది ఒకావిడ, సూదులు వేయడానికి. ఇవాళ కూడా వచ్చింది. నీ సంగతి చెప్పాను. ఇప్పుడు ఫోన్ చేసినా ఆగుతుంది” అంది.

“అక్కా.”

“ఆమె దగ్గర వేయించుకున్న ఒకామె ఇప్పుడు ఒక పక్కకే ఒరిగి కూర్చుంటోంది. అదీ నీకు చెబుదామనే అనుకున్నాను.”

“ఏది చెబుదామనుకున్నావు? వేయించుకోమనా, వద్దనా?”

“రెండూ” అంది అక్క. “నువ్వు మళ్ళీ బొత్తాలు కుట్టుకుంటూ కళ్ళు పోగొట్టుకుంటే నేను చూడలేను. నువ్వు ఒరిగి కూర్చున్నా చూడలేను. ఏం చెప్పాలో తెలియకే నోరు మూసుకున్నాను.”

ఇంటికి రాగానే బొమ్మక్క దిండు విప్పి మెత్తటి దూది తీసింది. స్పాంజి బదులు దూది కూరి, పైన సాగే గుడ్డ వేసి కుట్టింది. కుర్చీలో కూర్చుంది. అక్క మోకాళ్ళ మీద కూర్చుని టేపు చుట్టింది.

“నిలబడు. ఊఁ. కూర్చో. అంతే ఉందే. నిలబడ్డా అంతే, కూర్చున్నా అంతే.”

“గట్టిగా నొక్కి చూడు.”

“నిన్ను నొక్కాలా, దూదినా? లే, అన్నం తిందువుగాని. తిన్నాక మళ్ళీ కొలుద్దాం, ఏమైనా పెరిగిందేమో.”

బొమ్మక్క లేవలేదు. “రేపు ఆర్డరిచ్చినావిడ చెయ్యి వేసి చూస్తే తెలిసిపోతుంది” అంది. “చెయ్యి వెయ్యకపోతే మాస్టారి పని పోతుంది.”

“మాస్టారుకి ఎటూ మానేసే వయసేగా. ఇవాళ కాకపోతే వచ్చే ఏడు.”

“అది వేరు, ఇది వేరు.”

“ఏం వేరు?”

చెల్లెలు మిగిలిన దూది ఏరి దిండులో కుక్కింది. అక్క టేపు చుట్టేసి లోపలికి వెళ్ళి కంచాలు పెట్టింది. తింటుంటే పార్లర్ నుంచి అక్కకి ఫోను వచ్చింది. అక్క తీయకుండా ఫోనును బోర్లా పెట్టింది. అది బల్ల మీద కాసేపు వణికి ఊరుకుంది. ఇద్దరూ దాన్నే చూస్తూ తిన్నారు.

పొద్దున బొమ్మక్క మళ్ళీ స్పాంజే కుట్టుకుని, అందరికంటే ముందు వెళ్దామనుకుంది. మాస్టరు అప్పటికే వచ్చి ఉన్నాడు. కట్టింగ్ బల్ల మీద పిగిలిన స్కర్టులు వరుసగా పరిచి ఉన్నాయి. ఆయన ఇనప స్కేలు పక్కన తన పాత టేపు పెట్టి, కళ్ళు దగ్గరగా ఆనించి గీతలు పోల్చుకుంటున్నాడు. పక్కన కవరు కూడా విప్పని కొత్త టేపు ఉంది.

“టేపు సాగిందేమోననుకున్నానమ్మాయ్” అన్నాడు తలెత్తకుండా. “సాగలేదు. మరి నా కళ్ళే అయ్యుంటాయి. రాత్రంతా ఆలోచించాను. నిన్ను సరిగ్గా కూర్చోబెట్టలేదేమో. తొందరపడ్డానేమో.”

ఆమె బల్ల అంచు పట్టుకుంది.  

“మాస్టారూ, మీ కళ్ళు కాదు” అంది. “నాకు లోపల స్పాంజి ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది.”

ఆయన టేపు కింద పెట్టాడు. ఆమెను చూడలేదు, స్కర్టులను చూశాడు. ఒక స్కర్టు ఎత్తి, పిగిలిన చోట వేలు దూర్చి, నెమ్మదిగా తల ఊపాడు.

“అందుకే పక్కలకి పోలేదు” అన్నాడు. స్కర్టు మడిచి, “కొలిచిన నాకైనా తెలియాల్సింది. మగవాణ్ణి, టేపు చుట్టడమే గానీ చెయ్యి ఆనించను. అది నా పద్ధతి. ఇది మేడమ్‌కి నేను చెబితే చాడీ అవుతుంది” అన్నాడు.

“నేనే చెప్తాను.”

మేడమ్ వచ్చాక చెప్పింది. కర్టెన్ వేసుకుని, మేడమ్ చెయ్యి పట్టుకుని తన తుంటి మీద పెట్టింది. మేడమ్ గుడ్డ నాణ్యం చూసినట్టు రెండుసార్లు నొక్కి చూసింది. బొమ్మక్క ఆవిడ గొంతు తగ్గుతుందని ఎదురుచూసింది. తగ్గలేదు.

“బాగా చెక్కావే” అంది మేడమ్. “ఇంత పనితనం పెట్టుకుని నన్ను ముంచావు.” స్టూలు లాక్కుని కూర్చుని, నుదురు రుద్దుకుంది. “మాస్టారూ, లోపలికి రండి. ఇదంతా విన్నారుగా.”

“విన్నానండి.”

“ఆర్డరిచ్చినావిడకి ఏదో ఒకటి నేను చెప్పుకుంటాను, మళ్ళీ కోసిస్తామంటాను. మీ మీద మాట లేదు. ఇంక నీ సంగతి.” బొమ్మక్క వైపు తిరిగింది. “ఈ ఆర్డరు ఒక్కసారితో పోయేది కాదు. రేపటి నుంచి అందరూ ఇవే అడుగుతారు. నీలాగా ఎక్కడ పట్టిందో చెప్పే మనిషి నాకు దొరకదు. దానికి డాక్టర్లున్నారు, తెలుసా? మా చెల్లెలు చేయించుకుంది, బ్రహ్మాండంగా ఉంది. నువ్వూ చేయించుకో. ఖర్చు నేను పెట్టుకుంటాను. లేచి తిరిగేదాకా జీతం ఇస్తాను. నీ చోటు నీదే.”

బొమ్మక్క మాస్టరు వైపు చూసింది. ఆయన కర్టెన్ రింగులు చూస్తున్నాడు. బయట మిషన్లు ఒక్కొక్కటే మొదలవుతున్నాయి. మెట్ల మీద ఎవరో కొత్త మనిషి చెప్పుల చప్పుడు, మేడమ్ గది ఎటని అడగడం వినిపించాయి.

“వచ్చేసింది” అంది మేడమ్ లేస్తూ. “త్వరగా చెప్పు. ఏమంటావ్?”

“చేయించుకోనండీ” అంది బొమ్మక్క. “ఈ ఆర్డరుకి ఒళ్ళున్న మనిషిని చూసుకోండి. ఆమెకి ఎలా నిలబడాలో, ఎలా కూర్చోవాలో నేను నేర్పిస్తాను. నన్ను మళ్ళీ బొత్తాల బల్లకి పంపించండి.”