ఎదుటి మాట ముందు చెప్పమన్న ట్యూటరమ్మ

మా ట్యూటరమ్మ పోయారని ఆవిడ తమ్ముడు ఫోన్ చేసేటప్పటికి నేను వార్డులో పది గంటల మందులు ఇస్తున్నాను. ఇంకా ఆరు మంచాలు మిగిలాయి. ఆరూ పూర్తి చేశాకే స్టోర్ గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. పని మధ్యలో వదిలేసి ఏడ్చి ఉంటే ఆవిడే నన్ను తిట్టేవారు.

నర్సింగ్ స్కూల్లో ఆవిడ మాకు నీతి నియమాల క్లాసు చెప్పేవారు. మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడ్. గుంటూరు వైపు నుంచి బెంగళూరుకు కొత్తగా వచ్చిన నేను ఆ క్లాసులో నిద్రపోయినంత హాయిగా హాస్టల్లో కూడా నిద్రపోలేదు. రిటైరయ్యాక ఆవిడ వర్తూరులో మా చర్చి పక్కగదిలో, ఆదివారం ఆరాధన అయ్యాక, పాశ్చాత్య తత్వశాస్త్రం చదివించడం మొదలుపెట్టారు. అప్పటికి నాది పదేళ్ల సర్వీసు. బిస్కెట్లు పెడతారని వెళ్లాను, ఉన్న మాట చెప్పాలిగా.

అయిదారుగురం ఉండేవాళ్లం. జిగణిలో ఫ్యాక్టరీ మిషన్ ఆపరేటర్‌గా చేసే ఒకాయన రెండు బస్సులు మారి వచ్చేవాడు. మొదటిరోజే ఆయన, "గ్రీకువాళ్లు, జర్మనీవాళ్లు ఎప్పుడో రాసుకున్నవి మనకెందుకు మేడం?" అని అడిగాడు.

"పుస్తకం వాళ్లదే అప్పా. సచ్చిపోతామని తెలిసీ ఎట్ల బతకాల అనే ప్రశ్న నీ ఇంట్లో కూడా ఉండాది కదా" అన్నారు ట్యూటరమ్మ. ఆయన ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఆవిడ ఇంగ్లిషులో అరపేజీ పొడుగున్న వాక్యం చదివి, దాన్ని కూరగాయలు బేరమాడే తెలుగులో చెప్పేవారు. పుస్తకం ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవారు. మాలో ఎవరో ఒకరు "కాదు" అనేదాకా కాఫీ ఫ్లాస్కు మూత తీసేవారు కాదు. "సుమ్నే, ఊరికే తలూపేకి ఇంత దూరం వచ్చినారా?" అని కసిరేవారు. కాదనడానికీ ఒక నియమం పెట్టారు. ఎదుటివాళ్ల వాదాన్ని ముందు మనమే చెప్పాలి. వాళ్లు విని "అవును, నా మాట ఇదే" అనాలి. ఆ తర్వాతే మన అభ్యంతరం. పుస్తకం రాసినాయన రాలేడు కాబట్టి ఆయన తరఫున ట్యూటరమ్మ ఒప్పుకోవాలి. ఆవిడ చేత ఒప్పించడం కంటే ఆయన్నే సమాధిలోంచి లేపడం తేలిక.

ఏ పరిస్థితిలోనూ అబద్ధం తగదని వాదించిన ఒక తత్వవేత్తను చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. "ఆయనకు వారం రోజులు క్యాన్సర్ వార్డులో డ్యూటీ వేయించండి, అప్పుడు మాట్లాడదాం" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"ఆయన మాట ముందు చెప్పు."

మూడు ఆదివారాలు ప్రయత్నించాను. మూడుసార్లూ ఆయన్ని దయలేని మనిషిగా చూపించాను, మూడుసార్లూ ఆవిడ తల అడ్డంగా ఊపారు. నాలుగోసారి ఉక్రోషంతో లోపలున్నది కక్కేశాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పేషెంట్ "సిస్టర్, నేను ఇంటికి పోతానా?" అని అడిగితే "తప్పకుండా" అన్నాను. ఆ మాట నమ్మి ఆయన ఊళ్లో ఉన్న కూతుర్ని అప్పుడే రావొద్దన్నాడు. ఆ పిల్ల వచ్చేసరికి మంచం ఖాళీ. "అబద్ధం చెప్పి, ఆయన చివరి రోజులు ఎలా గడపాలో ఆయన్ని అడక్కుండా నేనే తేల్చేశాను" అన్నాను.

"ఇదీ ఆ పుస్తకం ఆయన మాట" అన్నారు ట్యూటరమ్మ. మెల్లగా, "ఆ పొద్దు నువ్వు చెప్పింది ఆయప్ప కోసరమా, నీ కాళ్లు వణక్కుండా ఉండేకా?" అని అడిగారు. జవాబు నాకు తెలుసు.

ఈ ఏడాది ఆవిడకే కడుపులో గడ్డ బయటపడింది. అప్పటికే కాలేయం దాకా పాకింది. ఆవిడ తమ్ముడు ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకున్నాడు. "అక్కకు చెప్పొద్దమ్మా. అల్సర్ అని చెప్పినాం. నువ్వూ అట్లే చెప్పు." డాక్టర్ గారు కూడా ఇంటివాళ్ల ఇష్టానికే వదిలేశారు. నాకు కోపం వచ్చింది. గొడవ పడదామనే నోరు తెరిచాను గానీ, ఇన్నేళ్ల అలవాటు ఊరుకోలేదు. ముందు ఆయన మాట నేను చెప్పాను.

"తెలిస్తే ఆవిడ అన్నం మానేస్తారని మీ భయం. తల్లిలా పెంచిన అక్క మీ ముందు ఏడిస్తే ఏం చెయ్యాలో మీకు తెలీదు."

"అదే అమ్మా, అదే" అని ఆయన గోడకానుకుని బావురుమన్నాడు. చాలాసేపటికి మొహం తుడుచుకుని, "అడిగితే చెప్పు. అడక్కుంటే వద్దు" అన్నాడు.

ఆ సాయంత్రమే ట్యూటరమ్మ అడిగారు.

"అల్సర్ కాదు కదా?"

"కాదమ్మా." జబ్బు పేరు చెప్పాను.

"ఎన్నాళ్లు ఉండాది?"

"నెల దాటకపోవచ్చు."

కళ్లు మూసుకున్నారు. నీళ్లు చెంపల మీంచి చెవుల్లోకి కారాయి. తుడవబోతే తుడవనివ్వలేదు. ఇంత బాధ పెట్టడానికా నేను వచ్చింది అనిపించింది. అప్పుడావిడ కళ్లు తెరిచి, బల్ల మీదున్న లావుపాటి పుస్తకం వైపు చూపించి, "అయితే దీన్ని తీసెయ్. సన్నది ఏదన్నా ఉంటే పట్రా" అన్నారు.

సన్నది పద్దెనిమిది రోజుల్లో పూర్తి చేశాం. ఎవరెవర్ని చూడాలో పిలిపించుకుని చూశారు. తన భూస్థాపన దగ్గర ఏ పాట పాడకూడదో తమ్ముడికి గట్టిగా చెప్పారు. చివరి రోజుల్లో ఆ లావు పుస్తకం నా సంచిలో పెట్టించి, "నేను లేనని దీన్ని సులువు చేసుకోవద్దండి" అన్నారు.

ఆవిడ పోయిన తర్వాతి ఆదివారం, ఇక ఈ చదువు ఆపేద్దామా అని ఎవరో అన్నారు. నేను ఆ లావు పుస్తకం తెరిచాను. ఆవిడలా తెలుగు చెయ్యడం నాకు రాదు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా తవ్వుకుంటూ చదివాను. జిగణి ఆయన మొదటి వాక్యం మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఇంకోసారి అన్నాడు. పన్నెండింటికి కూర్చుంటే రెండయింది, మొదటి పేజీ తిరగలేదు. చర్చి వాచ్‌మన్ తాళంకప్ప పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మాలో ఎవరూ లేవలేదు.