గుండె మీద కెమెరా

పోయిన గురువారం ఉదయం, ఇక్కడ అమెరికాలో, చాండ్లర్‌లో మా వియ్యంకుడు కన్నుమూశారు. చర్చిలో పెట్టడానికి మంచి ఫొటో కావాలన్నాడు అల్లుడు. పాస్‌పోర్టు ఫొటో ఇచ్చాను. "అత్తయ్యగారూ, ఇందులో నాన్నని పోలీసులు పట్టుకున్నట్టుంది," అన్నాడు.

ఇంట్లో ఫొటోల పుస్తకం రాసేది నేను. ఏ రీలు, ఏ తేదీ, ఎవరున్నారు, అన్నీ ఉంటాయి. మొదటి నుంచి తిరగేశాను. ఒక్కచోట తప్ప ఆయన ఎక్కడా లేరు. కెమెరా ఎప్పుడూ ఆయన దగ్గరే ఉండేది.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక కెమెరాను కంటిదాకా ఎత్తలేక, పాత బెల్టుతో ఛాతీకి కట్టుకున్నారు. "చంద్రుడి మీదా ఇంతే, చెల్లెమ్మగారూ," అనేవారు. హెల్మెట్ ఉంటే కన్ను ఆనించడం కుదరదు. అందుకని అక్కడ దిగినవాళ్ళు కెమెరాను ఛాతీకి బిగించుకుని, ఏది తీయాలంటే అటు ఒళ్ళంతా తిరిగేవారట. మందపాటి గ్లౌజులకు అందేలా మీటలు పెద్దవి పెట్టారట. ముందు భూమి మీదే అలా తీసి, ఫిల్ము కడిగించి, తప్పులు చూసుకునేవారట. వచ్చేటప్పుడు చంద్రుడి రాళ్ళు తేవడానికి బరువు తగ్గించాలని కెమెరాలు అక్కడే వదిలి, ఫిల్ము మాత్రం తెచ్చుకున్నారట. లైబ్రరీ పుస్తకంతో సరిచూశాను. తేడా లేదు.

చూడకుండా చేసేది పని కాదని నేను వాదించేదాన్ని. ఒక సాయంత్రం ఆయన కెమెరాతో సహా బెల్టు విప్పి, మనవరాలి చేత నాకు కట్టించారు.

"అమ్మమ్మా, కెమెరా చూడొద్దు! జస్ట్ టర్న్ అవ్వు!" అంది మనవరాలు.

"మెడ కాదు చెల్లెమ్మగారూ, మనిషి తిరగాలి."

"ముందు మీరు ఊగడం ఆపండి అన్నయ్యగారూ."

"ఊగేది నేను కాదు, చేతులు."

ఆయన ఆరడుగులు. నేను ఐదుకు తక్కువ. ప్రింటులో తల రాలేదు. మళ్ళీ తీస్తానంటే, "సరిగ్గా రాలేదని చంద్రుడి మీదికి మళ్ళీ వెళ్ళారా? ఉంచండి," అన్నారు. పుస్తకంలో రాశాను: "ఇరవై మూడో ఫొటో. అన్నయ్యగారు. తల లేదు." మళ్ళీ తీయలేదు.

ఆ ఫొటోనే అల్లుడి చేతికిచ్చాను. నాన్న చేతుల మీద వేలు పెట్టాడు. "ఇదే పెడదాం," అన్నాడు.

తెలుగు చర్చిలో, పూల మధ్య, మెడ కింద నుంచి బూట్ల వరకు ఒక మనిషి. కెమెరా లేకపోయినా, అలవాటు కొద్దీ రెండు చేతులూ ఛాతీ దగ్గరే ఉన్నాయి. ఎప్పుడూ వణికే ఆ చేతులు అందులో కదలకుండా ఉన్నాయి. కింద, ఆయన బూట్లను తాకుతూ, మోచేతులు ఒంటికి అదిమి పెట్టుకున్న నా నీడ, నాకంటే చాలా పొడుగ్గా.