నాయన సానరాయిలో గుంట

పుత్తూరులో మా సెలూన్‌కి వచ్చేవాళ్లకి మనిషికో కొత్త బ్లేడు వాడతాం. గడ్డం గీసే పాత మడత కత్తి మా నాయన ఒక్కడికే. చెయ్యి వణకడం మొదలైనాక ఆయన గడ్డం నేనే గీస్తాను. ఒక చెంప కాంగానే "తెగడంల్యా, మళ్లా నూరు" అంటాడు. నాకు నూరడం రాదనే ఇన్నాళ్లూ అనుకున్నా.

ఈ రోజు మంగళవారం, షాపు మూత. నాయన వయసులో ఉన్నప్పుడు కొండ కాడ నుంచి తెచ్చుకున్న సానరాయిని చదును చేద్దామని కూర్చున్నా. దాని మీద పెన్సిల్ గీతలు గీసి, తడిపిన గరుకు బండకేసి రుద్దినాను. గీతలన్నీ చెరిగిపోయినాయి, ఎడమ పక్కన తప్ప. ఆడ గుంట ఉండాది. నాయనది ఎడమచేతి వాటం. రాయి ఆయన చేతికి తగ్గట్టే అరిగిపోయింది, నా కుడిచేతికి యాడ లొంగుతాది?

ఇంక రుద్దబుద్ధి కాలేదు. పక్కనే కుర్చీలో ఉన్న నాయన చూసినాడు.

"ఏంరా, ఆపేసినావు?"

"నీ చెయ్యి పడిన గుంట నాయనా. ఉండనీలే."

"నా చెయ్యి ఈడే ఉండాది కదరా. రాయిలో ఏం ఎతుకుతావు? రుద్దు."

గీతలన్నీ పోయేదాకా రుద్దినాను. కత్తి నూరి, నా ముంజేతి వెంట్రుకల మీద చూసుకొని, ఆయన కుడి చెంప గీసినాను. వణికే చేత్తో తడుముకున్నాడు. బాగుందని అనలేదు. మళ్లా నూరమనీ అనలేదు. ఎడమ చెంప తిప్పినాడు.

మా ఇంట్లో మెచ్చుకోవడం ఇంతే. మీ నాయనలు ఎట్లా మెచ్చుకుంటారో చెప్పండప్పా.