పెళ్లిదారిలో ఊపిరాడని టర్బో కారు

మా అక్కకి నలభై దాటినాక పెళ్లి కుదిరింది. అంతకుముందు ఎవరన్నా ఆ మాట ఎత్తితే, "ముందు నా కారుకి క్లచ్ మార్పించనీండి" అని నవ్వేసేది. అమ్మా నాన్నా పోయినాక కోవూరు ఇంట్లో అక్కాచెల్లెళ్లం మేమిద్దరమే. తను పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరరు, నాది బ్లౌజులు కుట్టే షాపు. ఆ కారు ఒక డాక్టరుగారు వాడి వాడి వదిలించుకున్న పాత పెట్రోలు బండి. అందులో ఇంజన్‌కి ఎక్కువ ఊపిచ్చే టర్బో ఉందని తెలిసినాక అక్క ఇంకేమీ చూడలేదు. సీట్లు చిరిగి ఉన్నాయన్న సంగతి కూడా ఇంటికి తెచ్చినాకే గమనించింది.

పెళ్లికొడుకు వాకాడు దగ్గర రొయ్యల గుంటలు చేసే మనిషి. భార్య పోయి చాన్నాళ్లయింది. గుంటలో నీళ్లు చిలికే మోటారు మాటిమాటికీ కాలిపోతోందని, ఎవరినన్నా అడుగుదామని ఒకరోజు పాలిటెక్నిక్‌కి వచ్చినాడు. అక్కడివాళ్లు చూపించింది మా అక్కని. మోటారు బాగైంది. అయినా ఆయన రావడం మానలేదు.

పెళ్లి వాకాడు చర్చిలో. ఎండాకాలం. అక్క తెల్ల పట్టుచీర కట్టుకుని, తలమీద జాలీ ముసుగు వేసుకుని, చేతిలో పూలగుత్తితో ముందు సీట్లో కూర్చుంది. డ్రైవింగు నాది. బంధువులు బస్సులో ముందే వెళ్లిపోయినారు.

పెన్నా వంతెన దాటే లోపలే కారు గొడవ మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ మీదనించి కాలు తీస్తే ఇంజన్ ఒకసారి పైకి లేస్తుంది, ఒకసారి కిందికి పడుతుంది, వణుకుతుంది. ఏసీ వేస్తే టక్కున ఆగిపోతుంది. ఏసీ ఆపితే పెళ్లికూతురి పౌడరు కారిపోతుంది.

"ఏం చేయమంటావు అక్కా, నీ మొహం కాపాడాలా, ఇంజన్‌ని కాపాడాలా?"

"ఇంజన్‌నే. మొహం అక్కడికి పోయినాక తుడుచుకుంటాలే."

హైవే మీద బాగానే పోయింది. కోట ఊరు దాటినాక రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నారు. నెమ్మది చేయక తప్పలేదు. కాలు తీసినాను, అంతే, ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ ఆగింది. ఎట్లనో దొర్లించి వేపచెట్టు నీడలోకి తెచ్చినాను.

అక్క ముసుగు పక్కకి జరిపి, వచ్చిన దారివైపు తిరిగి చూసింది. ఇన్నేళ్లు ఒంటరిగా ఉన్న మనిషి, ఇదే సాకుగా ఇంటికి పోదాం పద అంటుందేమో అనిపించింది. తను పూలగుత్తి నా ఒళ్లో పెట్టి, "డిక్కీలో టూల్స్ ఉంటాయి. నా పాత నైటీ కూడా ఉంటది. తీసుకురా మే" అంది.

పట్టుచీర మీద నైటీ తొడుక్కుని, ముసుగు వెనక్కి ముడేసి బానెట్ ఎత్తింది. నేను పెళ్లికొడుక్కి ఫోన్ చేసి ఎక్కడున్నామో చెప్పినాను.

"ఇది ఐడిల్ వాల్వ్" అంటూ గుడ్డతో పట్టుకుని ఒక చిన్న డబ్బాలాంటిది ఊడదీసింది. "నువ్వు కాలు తీస్తే ఇంజన్‌లోకి గాలి పోయే తలుపు మూసుకుంటది. గాలి లేకపోతే ఇంజన్ చచ్చిపోతది కదా? అందుకని పక్కనించి ఒక సన్నదారి పెట్టినారు. కంప్యూటర్ ఎంత చెప్తే అంత ఇది తెరుచుకుంటది. ఏసీ వేస్తే ఇంజన్‌కి బరువు, అప్పుడు ఇంకొంచెం తెరుచుకోవాల. చూడు, జిడ్డుపట్టి ఇరుక్కుపోయినాది."

లోపల కాటుకలాగా నల్లగా ఉంది. స్ప్రే కొట్టి, పాత బ్రష్షుతో రుద్దతా ఉంటే పెళ్లికొడుకు బైకు మీద వచ్చినాడు. సూటూ బూటూ, మెడకి టై. అక్కని ఆ నైటీలో కిందనించి పైదాకా చూసినాడు.

"పెళ్లికూతురు యాడుందో చూసి రమ్మని పాస్టరయ్య నన్నే పంపించినాడు" అన్నాడు.

"ఇక్కడే ఉండాది" అంది అక్క తలెత్తకుండా. తర్వాత తలెత్తింది. "చూడండి, నా చేతులు ఎప్పుడూ ఇట్లనే ఉంటాయి. ఇప్పుడే చెప్తున్నా."

"నా చేతులు ఎన్నిసార్లు కడిగినా రొయ్యల మేత వాసన పోదు" అన్నాడాయన. కోటు విప్పి నాకిచ్చి చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. నేను వాళ్లకి అటుతిరిగి వడ్లకేసి చూస్తా నిలబడ్డాను.

వాల్వ్ అక్క బిగించింది, పైపులు ఆయన తగిలించినాడు. స్టార్ట్ చేస్తే కాలు తొక్కినంతసేపే పలికింది, తీస్తే వెంటనే పోయింది. ఇంతకుముందు వణుకుతా అన్నా కాసేపు నిలిచేది, ఇప్పుడు అదీ లేదు.

అక్క వంగి చూసి నవ్వేసింది. "ఈ పైపు మధ్యలో ఇంకో బుల్లి వాల్వ్ ఉందే, దీని మీద బాణం గుర్తు చూసినారా? టర్బో గాలిని నొక్కి లోపలికి తోస్తది. గట్టిగా తొక్కినప్పుడు ఆ గాలి ఈ సన్నదారిలో పడి వెనక్కి పారిపోకుండా ఇది ఆపాల. ఒకవైపే పోనిస్తది."

"మా గుంటకి నీళ్లు తోడే మోటారుకి ఫుట్ వాల్వ్ లాగానా? నీళ్లు పైకి రానిస్తది, కిందికి జారనీదు."

"అచ్చం అదే."

"అట్లయితే తిరగేసి పెట్టినా" అని ఆయనే మళ్లీ ఊడదీసి, బాణం ఇంజన్ వైపుకి తిప్పి బిగించినాడు. ఈసారి కాలు తీస్తే ఇంజన్ మెత్తగా నిలబడింది. అక్క ఏసీ వేయమంది. ఒక్కసారి తగ్గినట్టు తగ్గి, సర్దుకుని, అట్లనే పలకతా ఉంది. వడ్లు తిరగేస్తున్న పెద్దామె మా ముగ్గుర్నీ వింతగా చూసి, "పెళ్లి చర్చిలోనా, ఇక్కడేనా?" అని అడిగింది.

మేము పోయేసరికి చర్చిలో పాటలన్నీ అయిపోయి, పాడినవే మళ్లీ పాడుతున్నారు. ఉంగరం తొడిగేటప్పుడు అక్క వేలు నల్లగా, పెళ్లికొడుకు వేళ్లు అంతకన్నా నల్లగా ఉన్నాయి. పాస్టరయ్య కళ్లజోడు పైకి జరిపి చూసి, ప్రార్థన చేసినారు.

భోజనాలయినాక ఇద్దరూ ఆ కార్లోనే సముద్రం వైపు పోయినారు. తాళాలు అక్క చేతిలో ఉన్నాయి. ఆయన పక్క సీట్లో కూర్చుని, అద్దం దించి, "ఈ టర్బో అనేది ఎప్పుడు లాగతదో ఒకసారి చూపించు" అంటున్నాడు.