నలుగురు అక్కల మధ్య ఒక 'మే'

మా కాలేజీలో పొడుగు పిల్లలకు ఎప్పుడూ కొరత లేదు. అంగళ్లులోని ఈ ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఆటలు నేర్పే పీడీని. పీడీ అంటే పీడించే మేడం అని పిల్లలు చాటుగా చెప్పుకుంటారని తెలుసు, అందులో కొంత నిజం లేకపోలేదు. అడ్మిషన్ల రోజులు వచ్చాయంటే ఎవరో ఒకరు ఒక పొడుగాటి అమ్మాయిని వెంటబెట్టుకుని నా గది ముందు నిలబడతారు. మేనమామలు వస్తారు, పెద్దనాన్నలు వస్తారు. ఒకసారి మదనపల్లె టమాటా మార్కెట్లో మండీ పెట్టుకున్న ఆయన తన లారీ డ్రైవరు కూతుర్ని తీసుకొచ్చి, హైటు చూడండి మేడం అన్నాడు. హైటు చూశాను. బంతి మీదికొస్తే ఆ తల్లి కళ్లు గట్టిగా మూసుకునేది.

నాకు కావలసింది పొట్టి పిల్ల. బాస్కెట్‌బాల్‌కి పొట్టి పిల్ల ఎందుకని అందరూ నవ్వుతారు. ఐదుగురి ఆటలో నలుగురు ఎంత పొడుగున్నా, బంతిని ఈ కొస నుంచి ఆ కొసకు తీసుకుపోయి, నువ్వు ఇటు పో, నువ్వు అటు రా అని చెప్పి, సరిగ్గా అందాల్సిన వాళ్లకు అందించే పిల్ల ఒకతి ఉండాలి. పాయింట్ గార్డ్ అంటాం. అందరిలోకీ పొట్టిది, అందరి మీదా పెత్తనం చేసేది. ఆ ఒక్కతి లేకపోతే మిగతా నలుగురు పెళ్లివారింట్లో దారి తెలియని చుట్టాల్లాగా ఒకరికొకరు అడ్డం తిరుగుతారు. మా టీము చాలా ఏళ్లు అట్లాగే తిరిగింది.

కుప్పంలో ఒక అమ్మాయి దొరికినట్టే దొరికింది. ఇంటర్ చదివేది. తెలుగులో ఒకర్ని, తమిళంలో ఇంకొకర్ని, కన్నడంలో మూడో మనిషిని గదమాయిస్తూ ఆడేది. ఆ నోరు చూసి ముచ్చటపడిపోయాను. వాళ్లింటికి వెళ్లాను, వాళ్లమ్మ పెట్టిన రాగి సంగటి తిన్నాను, మాట తీసుకున్నాను. తీరా చూస్తే అవతల తమిళనాడులో ఒక కాలేజీ వాళ్లు హాస్టలుతో సహా సీటిచ్చారు. వాళ్ల ఊరి నుంచి మా అంగళ్లు కంటే ఆ కాలేజీయే దగ్గర. ఏమని అడ్డం చెప్పను? తిరుగు బస్సులో వి.కోట దాటేదాకా ఏడ్చాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

ఆ తర్వాత వెతికే పద్ధతి మార్చాను. బడుల్లో పొడుగు పిల్లల్ని బాస్కెట్‌బాల్‌కీ, పొట్టి పిల్లల్ని ఖోఖోకీ పంపించేస్తారు. కాబట్టి నేను ఖోఖో ఆటలు చూడ్డం మొదలుపెట్టాను. పుంగనూరులో ఒక గ్రౌండులో, తన వంతు రాకుండా కూర్చున్నప్పుడు కూడా మెడ తిప్పి తిప్పి మొత్తం ఆటను గమనిస్తున్న అమ్మాయి కనిపించింది. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నానని, సాయంత్రాలు బాస్కెట్‌బాల్ కూడా ఆడతానని అంది. ఆడించి చూశాను. బంతి వైపు కన్నెత్తి చూడకుండానే బంతిని నడిపించింది. ఆ రోజే వాళ్లింటికి వెళ్లాను.

వాళ్ల నాన్న అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి ఉన్నాడు. ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. నీలం చొక్కా ఇంకా విప్పలేదు. నేను ఉత్సాహంగా, మీ అమ్మాయిని మా టీములో పాయింట్ గార్డుగా తీసుకుంటానండీ అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. వాళ్లమ్మ టీ తెచ్చి పెట్టింది. టీ చల్లారింది. ఏం తప్పు మాట్లాడానో నాకు అంతుపట్టలేదు.

"మేడం," అన్నాడు చివరికి, "నేను గేటుకాడ నిలబడతాండేది నా బిడ్డ యాడా నిలబడకూడదనే. ఇంజనీరింగు సదివి గూడా గార్డు పనేనా?"

గార్డంటే అది కాదని చెప్పబోయాను. తలుపు వెనక నుంచి ఆ అమ్మాయే బయటికి వచ్చింది.

"అది ఆటలో పేరు నాయనా. గార్డంటే నిలబడేది గాదు. అందరికన్నా ఎక్కువ పరిగెత్తేది."

"నిలబడే పనే లేదా?"

"ఒక్క నిమిషం గూడా లేదు."

ఆయన కూతుర్ని, నన్ను మార్చి మార్చి చూశాడు. అట్లయితే తీసుకోనిపోండి అన్నాడు. చల్లారిన టీ నాకెంత రుచిగా ఉందో చెప్పలేను.

సరే, పొట్టి పిల్ల దొరికింది కదా, ఇక కష్టాల నుంచి గట్టెక్కాం అనుకున్నాను. ఎక్కడ గట్టెక్కాం? టీములో మిగతా నలుగురూ ఆ అమ్మాయికంటే పెద్ద క్లాసుల వాళ్లు. మా వైపు ఆడపిల్ల తనకంటే ఒక్క ఏడాది పెద్దదాన్నైనా సరే అక్కా అనే పిలుస్తుంది. అంతవరకు బాగానే ఉంది. మదనపల్లెలో ఆడిన మొదటి మ్యాచ్‌లో ఈ పిల్ల బంతి పట్టుకుని "అక్కా" అని పిలిచింది. నలుగురు అక్కలూ ఒకేసారి తిరిగి చూశారు. ఎవరికి వేసిందో ఆ దేవుడికే తెలియాలి, బంతి గీత దాటి ప్రేక్షకుల్లో పడింది. ఆ మ్యాచంతా అదే తంతు. ఒక్కోసారి బంతి కొట్టుకుంటూ ఒక అక్క దగ్గరిదాకా వెళ్లి, అక్కా మీరు కొంచెం అట్ల పోతారా అని చెవిలో చెప్పేది. అప్పటికి అవతలి వాళ్లు ముగ్గురు చుట్టుముట్టేవాళ్లు.

ఘోరంగా ఓడిపోయాం. పేరు పెట్టి పిలువు తల్లీ అని చెప్పాను, బతిమాలాను, కేకలేశాను. మర్నాడు ప్రాక్టీసులో కళ్లు మూసుకుని, ధైర్యం తెచ్చుకుని ఒక సీనియరు పేరు పలికి, వెనకాలే 'గారూ' అని తగిలించింది. అక్కలు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చింది. పెద్దవాళ్లకు పనులు చెప్పడం తన వల్ల కాదని, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, తన వల్లే టీము ఓడిపోతున్నదని చెప్పింది.

"కుప్పం మ్యాచ్ ఒగటి ఆడి మానేస్తాను మేడం. నాయనకు నేనే జెప్పుకుంటా."

నాకు కోపం రావాలి, మామూలుగా అయితే వచ్చేది. ఆ రోజు రాలేదు. ఇన్నేళ్లకు దొరికిన పిల్ల, చేతిదాకా వచ్చి వెళ్లిపోతోంది. వెళ్లిపోయేది కూడా ఆట రాక కాదు, మర్యాద ఎక్కువై. మర్యాద మానెయ్యమని ఏ టీచరు చెబుతుంది?

కుప్పం మ్యాచ్‌కి నేను ఆశ వదులుకునే వెళ్లాను. సగం ఆట గడిచేదాకా పాత కథే. రెండో సగంలో స్కోర్లు పక్కపక్కనే నడుస్తున్నాయి. మా కెప్టెన్ ఆఖరి ఏడాది అమ్మాయి, అందరికంటే పొడుగు. ఎడమ పక్క చేతులు పైకెత్తి నిలబడి ఉంది, ఇద్దరు ప్రత్యర్థులు ఆమెను అంటిపెట్టుకుని ఉన్నారు. కుడి పక్క బాస్కెట్ కింద ఎవరూ లేరు. అది నాకు కనిపిస్తోంది, బంతి చేతిలో ఉన్న మా పిల్లకు కనిపిస్తోంది, కెప్టెన్‌కి తప్ప అందరికీ కనిపిస్తోంది.

"ఒమే, ఆడ యాల నిలబడుకోనుండావు? ఈ పక్కకు రా మే."

ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. ఇతర చోట్ల ఆడపిల్లల్ని 'ఒసే', 'రావే' అన్నట్టే మా వైపు 'ఒమే', 'రా మే' అంటారు. ఒక ఈడు వాళ్లు ముద్దుగా అనుకుంటారు, ఇంట్లో పెద్దవాళ్లు చిన్నవాళ్లను అంటారు. ఫస్టియర్ పిల్ల ఫైనలియర్ కెప్టెన్ని అనదు. మా బెంచీ మీద పిల్లలు లేచి నిలబడ్డారు. కెప్టెన్ మాత్రం ఇంట్లో వాళ్లమ్మ పిలిచినట్టే, ఆలోచించకుండా కుడి పక్కకు పరిగెత్తింది. ఆమె చేరేసరికి బంతి అక్కడే ఉంది. బాస్కెట్ పడింది.

అప్పుడు మా పిల్ల చేసిన పని ప్రపంచంలో ఏ పాయింట్ గార్డూ చేసి ఉండదు. వెనక్కి పరిగెత్తి అవతలి వాళ్లను ఆపాల్సింది పోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కెప్టెన్ దగ్గరికి వెళ్లి, ఆమె రెండు చేతులూ పట్టుకుని తప్పయిపోయిందక్కా అని ఏడవడం మొదలుపెట్టింది. అవతలి వాళ్లు తీరిగ్గా వచ్చి మా వైపు బాస్కెట్ వేసుకుని వెళ్లారు. నేను గొంతు చించుకుంటున్నాను. కెప్టెన్ ఆ పిల్ల చెవిలో ఏదో అంది. ఏమందో తర్వాత బస్సులో చెప్పారు.

"మ్యాచ్ అయినాక ఏడుద్దువు. ముందు పరిగెత్తు మే. ఇంగ అట్లనే పిలువు."

ఆ తర్వాత ఆ పిల్ల ఎవర్నీ వదల్లేదు. నలుగుర్నీ 'మే' అంది. ఎవరి వైపు చూసి అంటే వాళ్లే కదిలారు. ఆ మ్యాచ్ గెలిచాం. తర్వాతి మ్యాచ్‌లో చిత్తుగా ఓడిపోయాం, అది వేరే సంగతి. బస్సులో అక్కలంతా కలిసి ఒక ఒప్పందం చేసుకున్నారు. కోర్టు గీత లోపల 'మే', గీత బయట 'అక్కా'. మానేస్తానన్న మాట ఆ పిల్ల మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడిగితే గుర్తొస్తుందేమోనని భయం.

కెప్టెన్ చదువు ముగించి బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లింది. మా పిల్ల ఇప్పుడు థర్డియర్. కొత్తగా వచ్చిన వాళ్లు తననే అక్కా అంటున్నారు. ఇంకో ఏడాదికి తనూ వెళ్లిపోతుంది, నేను మళ్లీ ఖోఖో గ్రౌండ్ల చుట్టూ తిరగాలి. ఈసారి హైటు గురించి ఎవరినీ అడగను. మీ బడిలో పెద్దవాళ్లను గదమాయించే పిల్ల ఎవరని అడుగుతాను.

మొన్న ఒక సాయంత్రం ప్రాక్టీసు మధ్యలో బెంగళూరు నుంచి ఆ పాత కెప్టెన్ ఫోన్ చేసింది. ఆరోగ్యం అడిగింది, కొత్త టీము ఎట్లా ఉందని అడిగింది. ఆఫీసు గురించి అడిగితే అందరూ మంచివాళ్లే అంది.

"ఈడ అందరూ నన్ను పేరు పెట్టి పిలుస్తారు మేడం. మే అనేవాళ్లు ఒగరూ లేరు. దానికి ఒకసారి ఫోన్ ఇయ్యండి."

మా పిల్ల గీత బయట కూర్చుని షూ లేసులు కట్టుకుంటోంది. పిలిచి ఫోన్ ఇచ్చాను, ఎవరో చెప్పాను. అందుకుంది. కిందకు చూసుకుంది. ఒక అడుగు గీత లోపలికి వేసింది. అప్పుడు ఫోన్ చెవికి ఆనించుకుని, "చెప్పు మే" అంది.